లా చదివి రాజకీయాల్లోకి వెళ్తానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నేనొక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటును. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ పూర్తి చేసింది. లా చదువుతానని, కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి రాజకీయాల్లోకి వెళ్తానని అంటోంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చదివినప్పటి నుంచి ఇదే మాట. మా వంశంలో వార్డు మెంబరు అయినవాళ్లు కూడా లేరు, చెప్పుకోదగ్గ ఆస్తులూ లేవు. ఇప్పుడే ఒక పార్టీ విద్యార్థి విభాగంలో చేరతానని పట్టుబడుతోంది. బీకాం చేసి బ్యాంకు పరీక్షలు రాయమని నేనంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: లా చదవనివ్వండి. పార్టీలో చేరడం మాత్రం ప్రస్తుతానికి ఆపండి. ఎందుకో చెప్పడానికి మీ అమ్మాయి అభిమానించే మనిషి జీవితమే చాలు. దాన్ని మీరిద్దరూ తేదీలు చూసుకుంటూ మరోసారి చదవండి.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిన సంగతి అందరూ చెబుతారు. నేను పిల్లలకు చెప్పేది ఆ తర్వాతి కథ. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినప్పుడు ఆమె తోటి మహిళా ఖైదీలతో మాట్లాడారు. తమ మీద ఉన్న కేసు ఏమిటో, తమ తరఫున ఏం చెప్పుకోవచ్చో తెలియకుండానే శిక్ష పడినవాళ్లు వారిలో ఉన్నారు. లా చదవాలన్న ఆలోచన ఆమెకు అక్కడ కలిగింది. అప్పటికి మెట్రిక్యులేషన్ కూడా లేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదివి, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకున్నారు. జైలు నుంచి వచ్చాక దాదాపు పదేళ్లు చదువుకే పోయాయి. అప్పటికే పేరున్న సత్యాగ్రహి, వేదికలెక్కి ఉపన్యాసాలిస్తూ గడిపేయవచ్చు. అయినా పరీక్షలకు కూర్చున్నారు, తర్వాత మద్రాసు కోర్టుల్లో ప్రాక్టీసు చేశారు.

ఆ చదువు రాజ్యాంగ సభలో ఎలా పనికొచ్చిందో చూడండి. ఎగువ సభ సభ్యులకు కనీస వయసు 35 ఏళ్లని ముసాయిదాలో ఉంటే, దాన్ని 30కి తగ్గించాలని సవరణ ప్రతిపాదించింది ఆమే. నేటికీ రాజ్యసభకు అదే వయసు. చట్టంలో ఒక అంకె మారితే ఎందరికి తలుపు తెరుచుకుంటుందో పసిగట్టే చూపు ఊరేగింపుల్లో రాదు. ముసాయిదాలు, తీర్పులు పంక్తి పంక్తీ చదివే అలవాటుతో వస్తుంది.

ఇక, మీ అమ్మాయికి తప్పకుండా చెప్పాల్సిన విషయం: 1952 లోక్‌సభ ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. అంతటి మనిషినీ ఓటర్లు గెలిపించలేదు. ఆమె పని అక్కడితో ఆగలేదు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మన దేశంలోనూ అవి ఉండాలని వాదించారు. ఆ చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి మూడేళ్లయింది. మద్రాసులో ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ హైదరాబాదుకు విస్తరించింది. విద్యానగర్‌లో ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి మీకు తెలిసే ఉంటుంది. గెలుపు చేతికి రాకపోయినా పని మిగిలింది. దానికి కారణం ఆమె చేతిలో ఒక విద్య ఉండటమేనని నా నమ్మకం.

మన నగరంలోనూ ఇదే వరుస. 1921లో వివేకవర్ధినిలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభికులు ఎగతాళి చేశారు. ఆ రాత్రే తెలుగువారి కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది. దాన్ని నడిపించిన మాడపాటి హనుమంతరావు న్యాయవాది. వెట్టిచాకిరీ మీద పోరాడారు, 1951లో హైదరాబాద్ మేయరయ్యారు. బూర్గుల రామకృష్ణారావు న్యాయవాదిగా పేరు తెచ్చుకున్నాకే 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. నాగపూర్‌లో లా చదివి ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన పి.వి.నరసింహారావు 1957లో మంథని నుంచి శాసనసభకు వెళ్లారు, 1991లో ప్రధాని అయ్యారు. వీరిలో ఎవరికీ పార్టీ టికెట్ మొదటి మెట్టు కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ అసలు భయం అదే, అది న్యాయమైన భయమే. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లాకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష తెలంగాణ లాసెట్ రాయాలి. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష క్లాట్ కావాలి, అది డిసెంబరులో జరుగుతుంది. నల్సార్ మీద గట్టి కోరిక లేకపోతే దానికోసం ఏడాది వృథా చేయవద్దు. కాలేజీ ఎంచుకునేటప్పుడు రెండే చూడండి: బార్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా, న్యాయ సహాయ కేంద్రం నిజంగా నడుస్తోందా. పట్టా వచ్చాక ఎన్‌రోల్‌మెంటు, అంటే బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా పేరు నమోదు, దాని ఖర్చుకు భయపడనక్కరలేదు. సాధారణ వర్గాలకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి వసూలు చేయరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తర్వాత ప్రాక్టీసు అర్హత కోసం అఖిల భారత బార్ పరీక్ష ఉంటుంది.

కష్టకాలం ఆ తర్వాత మొదలవుతుంది. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ 2024లో సూచించింది. సూచన మాత్రమే. చాలా ఆఫీసుల్లో అంత రాదు. పొద్దున కోర్టు, సాయంత్రం సీనియర్ ఆఫీసు, రాత్రికి ఇల్లు. తొలి మూడు నాలుగేళ్లు ఆమెకు ఇంటి ఆసరా కావాలి. పెళ్లి ఖర్చుకని దాచింది ఉంటే, అందులో కొంత ఈ ఏళ్లకు పక్కన పెట్టమని మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

సీనియర్‌ను ఎంచుకోవడంలో తొందర వద్దు. హైకోర్టు పెద్ద పేర్ల వెంట పడకుండా సిటీ సివిల్ కోర్టులోనో, నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనో ట్రయల్ నడిపించే వాళ్ల దగ్గర చేరమనండి. దావా రాయడం, సాక్షిని క్రాస్ చేయడం, వాయిదా ఎందుకు పడిందో కక్షిదారుకు ఓపికగా వివరించడం అక్కడే వస్తాయి. ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ (దాని తరఫున వాదించే లాయర్ల జాబితా) గురించి కూడా తెలుసుకోమనండి. ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. మల్కాజిగిరిలో ఎందరు ఆడవాళ్లకు ఈ సంగతి తెలుసు? దుర్గాబాయి జైల్లో చూసిన పరిస్థితి పూర్తిగా పోలేదు. మీ అమ్మాయి రాజకీయం అక్కడ మొదలైతే నేను చాలా సంతోషిస్తాను.

పార్టీ సంగతి ఆ తర్వాత. పద్దెనిమిదేళ్లకే ఒక జెండా కింద చేరితే ఫ్లెక్సీలు కట్టడం, నాయకుడి పుట్టినరోజులు చేయడం, వీలైతే ఒకటి రెండు పోలీసు కేసులు. చదువు వెనకబడుతుంది. వార్డు ఎన్నికలకు 21 ఏళ్లు, శాసనసభకు 25 ఏళ్లు నిండాలి, కాబట్టి తరుముకొస్తున్న గడువేమీ లేదు. శాసనసభ అభ్యర్థి డిపాజిట్ 10 వేలే అయినా, ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి 40 లక్షలు. సొంత సంపాదన లేనివాళ్లు ఆ డబ్బు కోసం ఎవరి చేతికో చిక్కుతారు, తర్వాత వాళ్లు చెప్పినట్లే చేతులెత్తాలి. ప్రాక్టీసు ఉన్నవాళ్లకు ఆ అవసరం తక్కువ. ఎంపీలు, ఎమ్మెల్యేలు న్యాయవాదులుగా కొనసాగవచ్చని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కూడా. ఓడిన మర్నాడు కోటు వేసుకుని కోర్టుకు వెళ్లగలిగితే చాలు, రాజకీయాల్లో ఎవరి ముందూ తలవంచనక్కరలేదు.

బ్యాంకు పరీక్షల ఆలోచన ఇప్పుడే వదిలేయనక్కరలేదు, కానీ బలవంతంగా రుద్దకండి. లా మీద ఆమెది నిలకడైన ఇష్టమా కాదా అన్నది తేల్చుకోవడానికి ఒక మార్గముంది. మీరు ఒకరోజు సెలవు పెట్టి ఆమెతో కలిసి నాంపల్లి కోర్టులకు వెళ్లండి. విచారణలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి, వెనక బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. సాక్షి విచారణ నడుస్తున్న హాలు వెతుక్కోండి. తిరిగి వచ్చేటప్పుడు మీరేమీ అడగకండి, ఆమె దేని గురించి మాట్లాడుతుందో వినండి. లాయరు అడిగిన ప్రశ్న గురించో, బోనులో నిలబడిన మనిషి గురించో ఇల్లు చేరేదాకా మాట్లాడుతూనే ఉంటే, ఆ సాయంత్రమే లాసెట్ దరఖాస్తు దగ్గరుండి నింపించండి.