సింగపూర్‌లో జనం తక్కువుండే చోటంటే పులావ్ ఉబినే అండి

అమ్మానాన్నలతో సింగపూర్ వస్తున్నాం, మెరీనా బే, సెంటోసా కాకుండా ప్రశాంతంగా ఒకపూట గడిపే చోటు చెప్పమన్నారు కదా, ఇక్కడే ఉంటున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, పులావ్ ఉబిన్ ద్వీపానికి తీసుకెళ్ళండి. మా అత్తమ్మ వాళ్ళు వచ్చినప్పుడు సిటీ అంతా తిప్పాం, కానీ ఇంటికెళ్ళాక కూడా వాళ్ళు మాట్లాడుకున్నది ఉబిన్ గురించే.

తానా మేరా ఎమ్మార్టీ (మెట్రో రైలు) స్టేషన్ దగ్గర 2 నంబర్ బస్సెక్కితే చాంగీ విలేజ్‌లో దిగుతారు, పక్కనే ఫెర్రీ టెర్మినల్. బంబోట్ అని చిన్న చెక్క పడవలు, టైమ్ టేబుల్ ఏమీ ఉండదు, 12 మంది పోగయితే బయల్దేరుతుంది, మనిషికి 4 సింగపూర్ డాలర్లు, క్యాష్ దగ్గర పెట్టుకోండి. పది పదిహేను నిమిషాల్లో అవతల ఉంటారు.

దిగగానే సైకిళ్ళ షాపులుంటాయి, పెద్దవాళ్ళు తొక్కలేకపోతే వ్యాన్ మాట్లాడుకోవచ్చు. నేరుగా చెక్ జావాకి వెళ్ళండి, ద్వీపం చివర్లో మడ చెట్లు, బురదనేలలు ఉండే చోటది. 2001లో అక్కడ సముద్రం పూడ్చేద్దామనుకున్నారు, జనం, సైంటిస్టులు గట్టిగా అడగడంతో ఆగింది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ఆటు టైమ్ చూసుకుని వెళ్తే నీళ్ళు వెనక్కెళ్ళి ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండే బుల్లి పీతలు, బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. మా మామయ్యగారిది కాకినాడ వైపు, ఆ మడ చెట్లు చూడగానే అచ్చం మన కోరింగలాగే ఉందే అని ఆగి ఆగి చూస్తూ నడిచారు, మేం తొందరపెట్టలేదు. అక్కడే చుట్టూ చూడ్డానికి కట్టిన జెజావి టవర్ 20 మీటర్లుంటుంది, అన్నీ మెట్లే, మోకాళ్ళ నొప్పులుంటే వద్దు. బోర్డ్‌వాక్‌లో (నీళ్ళ మీదుగా కట్టిన నడకదారిలో) ఒక్కోసారి రిపేర్లకి కొంత భాగం మూసేస్తారు, ముందురోజు ఎన్‌పార్క్స్ (సింగపూర్ పార్కుల శాఖ) సైట్ చూసుకోండి.

పాత గ్రానైట్ క్వారీలు ఇప్పుడు చెరువులైపోయాయి, సింగపూర్ దగ్గర సముద్రంలో ఉన్న పాత హార్స్‌బర్గ్ లైట్‌హౌస్‌కి రాయి ఈ ద్వీపం నుంచే వెళ్ళింది. ఊళ్ళోకి దగ్గర్లో ఉన్న పెకాన్ క్వారీ దగ్గర కాసేపు కూర్చోండి, కొంగలు బాగా కనిపిస్తాయి.

ప్లాస్టిక్ కవర్లు చేతిలో ఊపుకుంటూ నడవొద్దు, కోతులు, అడవిపందులు తిండనుకుని వెంటపడతాయి. శాకాహారులైతే పులిహోరో చపాతీలో బ్యాగులో పెట్టుకోండి, అక్కడ హోటళ్ళలో ఎక్కువగా సీఫుడ్డే. కొబ్బరిబోండాలు మాత్రం దొరుకుతాయి. శని, ఆదివారాలొద్దు, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళి చీకటి పడకముందే పడవెక్కేయండి.