కార్డుల బాకీని ఇంటి మీదకు ఎక్కించాక చాప్టర్ 13 దివాలా కేసు ఎంతవరకు ఆదుకుంటుంది?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటున్నాం. ఉద్యోగం పోయి ఐదు నెలలు ఖాళీగా ఉన్నాను. ఇప్పుడు తక్కువ జీతానికి కొత్తది దొరికింది. ఇంటి విలువ 4.6 లక్షల డాలర్లు, మార్ట్‌గేజ్ 2.98 లక్షలు. నాలుగు వాయిదాలు తప్పడంతో వేలం నోటీసు వచ్చింది. గతేడాది ఇంటి మీద రెండో లోన్‌గా 60,000 హోమ్ ఈక్విటీ లోన్ తీసి క్రెడిట్ కార్డులన్నీ తీర్చేశాం. మళ్లీ వాటి మీద 38,000 అయింది. 14 నెలల కిందట పాత కారు ఇచ్చి ఎస్‌యూవీ తీసుకున్నాం. పాత లోన్‌లో మిగిలిన 7,000 కూడా కొత్త లోన్‌లో కలిపారు. ఇప్పుడు బాకీ 41,000, బండి విలువ 29,000. మూడున్నరేళ్ల కిందట కొన్న సెడాన్ మీద 14,000 బాకీ, విలువ 9,500. దానికి స్నేహితుడు హామీగా కోసైన్ చేశాడు. చాప్టర్ 13 వేస్తే తాకట్టు అప్పులన్నీ ఆస్తి విలువకు తగ్గిస్తారట, నిజమేనా? లేక 401కె రిటైర్మెంట్ పొదుపు తీసేసి, ఊళ్లో నాన్నగారి ఇంటి మీద లోన్ పెట్టి కట్టేయమంటారా? షాద్‌నగర్‌లో నా పేరిట ఉన్న ప్లాటు కూడా చూపించాలా?

జవాబు: మీరు విన్నది సెడాన్ వరకే నిజం. ఎస్‌యూవీకి కాదు, ఇంటికి అసలే కాదు. ఆ 60,000 సంగతి వినడానికి కష్టంగా ఉన్నా ముందు చెప్పాల్సింది అదే.

కార్డు బాకీకి తాకట్టు లేదు. చాప్టర్ 13లో అలాంటి అప్పులిచ్చినవాళ్లంతా ఒకే వరుసలో కూర్చుంటారు. మూడు నుంచి ఐదేళ్ల చెల్లింపు ప్లాన్‌లో మీ ఆదాయాన్ని, ఆస్తిని బట్టి రావలసినంత వాళ్లకు వస్తుంది, మిగిలింది చివర్లో రద్దవుతుంది. మీరు ఆ బాకీని తీసుకెళ్లి సొంతింటి మీద పెట్టారు. 15 ఏళ్ల గడువు, 9 శాతం వడ్డీ అనుకుంటే నెలకు సుమారు 609 డాలర్లు. ఐదేళ్లలో 36,500కు పైగా కట్టినా ఇంకా 48,000 దాకా మిగులుతుంది, డిశ్చార్జ్, అంటే చివర్లో కోర్టు చేసే అప్పుల రద్దు, దాన్ని తాకదు. అదే 36,500 కార్డుల వాళ్లకు ప్లాన్ ద్వారా పంచి ఉంటే మిగతాది అక్కడితో పోయేది. వడ్డీ రేటు తగ్గిందని సంతోషించి, కోర్టు తగ్గించగల అప్పును తగ్గించలేని అప్పుగా మార్చుకున్నారు. నెలలు గడిచేసరికి కార్డులు మళ్లీ నిండడానికి కారణం చేతిలో నగదు లేకపోవడమే. ఆరు నెలల ఖర్చు పక్కన లేని ఇంట్లో అప్పులన్నీ ఒకటిగా కలిపే కన్సాలిడేషన్ లోన్ కొరివితో తల గోక్కోవడమే.

ఇంటి అప్పును ఎందుకు తగ్గించరంటే, అప్పు తాకట్టు సొంతింటి మీద మాత్రమే ఉంటే ప్లాన్‌లో ఆ బ్యాంకు హక్కులను మార్చకూడదని చట్టమే చెబుతోంది. దీని మీద సుప్రీం కోర్టు 1993లో తేల్చిన నోబెల్‌మన్ కేసు మీ డల్లాస్‌లోని ఒక కాండో గురించే. విలువ 23,500, బాకీ 71,335. విలువకు తగ్గించమని అడిగితే కుదరదంది. రెండో లోన్‌కు ఒక మినహాయింపు ఉంది. మొదటి మార్ట్‌గేజే ఇంటి విలువను మించిపోయి రెండో లోన్‌కు పైసా తాకట్టు కూడా మిగలకపోతే, దాన్ని తాకట్టు లేని అప్పుగా చూడవచ్చు. టెక్సాస్ ఎవరి కిందకు వస్తుందో ఆ ఐదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దీన్ని 2000లో బార్టీ కేసులో ఒప్పుకుంది. మీ ఇంట్లో మొదటి లోన్ పోగా ఇంకా 1.62 లక్షలు ఉంది కాబట్టి ఆ దారి మీకు లేదు.

తప్పిన వాయిదాలను మాత్రం ప్లాన్‌లో సర్దుకోవచ్చు. నెలకు 2,650 చొప్పున నాలుగు నెలలు, లాయర్ ఖర్చులతో 11,400 అనుకుందాం. 60 నెలలకు పంచితే నెలకు 190. అయితే కేసు వేసిన నెల నుంచి మామూలు వాయిదా కూడా ఆగకుండా కట్టాలి. టెక్సాస్‌లో వేలం నెలలో మొదటి మంగళవారం జరుగుతుంది, నోటీసు కనీసం 21 రోజుల ముందు ఇస్తారు. వేలం పాట ముగిసిందంటే బాకీ సర్దుకునే హక్కు పోతుంది. క్రెడిట్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ కేసు వేయడానికి ముందే చేతిలో ఉండాలి, సోమవారం రాత్రి పరిగెత్తకండి.

ఇక కార్లు. సొంత వాడకానికి కొన్న కారు లోన్ కేసు నాటికి 910 రోజులు దాటితే అప్పును విలువకు కుదించవచ్చు. సెడాన్ 1,270 రోజులు దాటింది. 9,500 తాకట్టు అప్పుగా ఉంటుంది, 4,500 కార్డుల పక్కకు పోతుంది. వడ్డీ కూడా ఒప్పందం ప్రకారం ఉండనక్కర్లేదు. 2004లో టిల్ కేసులో సుప్రీం కోర్టు ప్రైమ్ రేటు (బ్యాంకుల మూల వడ్డీ రేటు) మీద రిస్క్ కింద సాధారణంగా 1 నుంచి 3 శాతం చాలంది. 9 శాతం లెక్కన 60 నెలలకు నెలకు 197 డాలర్లు.

ఇక్కడ చాలామంది తప్పు చేసేది విలువ దగ్గర. మీ కారు ఇచ్చి కొత్తది కొంటే డీలర్ కట్టే ట్రేడిన్ ధర రాస్తే బ్యాంకు వెంటనే అభ్యంతరం పెడుతుంది. కోర్టు చూసేది ఆ వయసు, ఆ స్థితి ఉన్న బండిని డీలర్ దగ్గర కొనాలంటే ఎంతవుతుందన్నది. మైలేజీ ఫొటో, చుట్టుపక్కల డీలర్ల ప్రకటనలు మూడు నాలుగు, బంపర్, టైర్లు, బ్రేకుల రిపేరుకు మెకానిక్ రాసిచ్చిన అంచనా, ఇవన్నీ కేసు వేసిన తేదీకి దగ్గరవై ఉండాలి. రిపేరు అంచనా కాగితం ఒక్కటే వెయ్యి డాలర్లు తగ్గించగలదు.

విలువకు కుదించడం మీకే వర్తిస్తుంది, మీ స్నేహితుడికి కాదు. కేసు నడుస్తున్నంత కాలం కోసైనర్ మీద కూడా వసూలు ఆగుతుంది గానీ, ప్లాన్ కట్టని భాగం కోసం బ్యాంకు కోర్టు అనుమతి తెచ్చుకుని ఆయన వెంట పడవచ్చు. ఆయన మీద పడేది ఆ 4,500. కోసైన్ ఉన్న అప్పును విడి వర్గంగా చూపి పూర్తిగా కట్టే వీలు చట్టంలో ఉంది. లాయర్‌ను ఈ మాట మీరే అడగండి.

ఎస్‌యూవీకి 910 రోజులు కాలేదు. 41,000 మొత్తం కట్టాల్సిందే. పాత కారు తాలూకు 7,000 విడిగా తీస్తారేమో అనుకోకండి. 2009లో డేల్ కేసులో ఐదో సర్క్యూట్ దాన్నీ కొనుగోలు అప్పులో భాగమే అంది. వడ్డీ మాత్రం తగ్గించవచ్చు. 9 శాతం అయినా నెలకు 851. నా సలహా, బండిని అప్పగించేయండి. వేలంలో 26,000 వస్తే మిగిలే 15,000 కార్డుల వరుసలో చేరుతుంది. 29,000 బండికి 41,000 కట్టే స్థోమత మీకిప్పుడు లేదు, 14 నెలల కిందట కూడా లేదు.

ప్లాటు చూపించాలి. ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కలోకి వస్తుందని చట్టంలో రాసే ఉంది. ఆస్తులు అమ్మితే తాకట్టు లేని వాళ్లకు ఎంత వచ్చేదో ప్లాన్‌లోనూ కనీసం అంత రావాలి. ఇల్లు కొని 1,215 రోజులు దాటితే టెక్సాస్ హోమ్‌స్టెడ్ (సొంతింటి రక్షణ) చట్టం ఇంట్లో అప్పు పోగా మిగిలిన మీ వాటాను కాపాడుతుంది, షాద్‌నగర్ ప్లాటును కాపాడదు. ప్రమాణం మీద సంతకం చేసి దాచితే అప్పుల కేసు కాస్తా మోసం కేసవుతుంది.

401కె ముట్టుకోవద్దు. అప్పులిచ్చినవాళ్లు చేయి పెట్టలేని డబ్బు అది. పన్ను, 59½ ఏళ్ల లోపైతే సాధారణంగా 10 శాతం పెనాల్టీ కట్టి మరీ దాన్ని వాళ్ల చేతిలో పెడతారా? నాన్నగారి ఇంటి మీద లోన్ మాట ఇంట్లో ఎత్తకండి.

ఇప్పుడు నేను పట్టుబట్టే విషయానికి వస్తాను. కేసు దాఖలు చేసిన 30 రోజుల్లోపే ట్రస్టీకి, అంటే మీ డబ్బు తీసుకుని అప్పులవాళ్లకు పంచే అధికారికి, చెల్లింపు మొదలవ్వాలి, ప్లాన్ ఖరారయ్యే దాకా ఆగదు. ట్రస్టీ రుసుము 10 శాతం వరకు ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లలో ఎప్పుడు వాయిదాలు తప్పి కేసు కొట్టేసినా సెడాన్ కుదింపు పోతుంది, పాత ఒప్పందం ప్రకారం మిగిలిందంతా మళ్లీ బాకీ అవుతుంది. పూర్తి అప్పు తీరేదాకా లేదా డిశ్చార్జ్ వచ్చేదాకా తాకట్టు హక్కు బ్యాంకు దగ్గరే ఉంటుంది. మధ్యలో ట్రాన్స్‌మిషన్ పోతే కార్డు గీకడం కుదరదు, కొత్త అప్పుకు అనుమతి కావాలి. అందుకని షెడ్యూల్ జె (నెల ఖర్చులు చూపే కోర్టు ఫారం) రాసేటప్పుడు ఖర్చులు తగ్గించి గొప్పగా చూపించకండి. కారు రిపేరు, మందులు, కారు ఇన్సూరెన్స్ నిజంగా అయ్యేంత రాయండి. ఇన్సూరెన్స్ ఆగితే వసూలును ఆపిన స్టే ఎత్తేయమని బ్యాంకు కోర్టును అడుగుతుంది. రిపేరు కింద రాసి ఆ నెల వాడని డబ్బు విడి ఖాతాలో వేస్తూ, ముందు రెండు నెలల ట్రస్టీ చెల్లింపు పోగు చేయండి. మళ్లీ ఉద్యోగం పోతే వాయిదా తప్పకముందే ప్లాన్ సవరణ కోరండి. కొట్టివేత పిటిషన్ పడ్డాక అడిగేవాళ్ల మాట కోర్టులో అంత తేలిగ్గా చెల్లదు.