సోల్డర్ కొనబోయే మా అమ్మలుకి

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

టైమర్ బోర్డు మీద కాంపోనెంట్లు అతికే సోల్డర్ తీగ ఏది కొనాలని మొన్న ఫోన్‌లో అడిగావు. అప్పుడే చెప్పేద్దునేమో గానీ, కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి సగం మర్చిపోతావని రాస్తున్నాను. భీమవరంలో కొన్నా, రాజమండ్రిలో కొన్నా ఇలా అడుగు: 63/37, రోజిన్ కోర్, 0.8 ఎంఎం, 100 గ్రాముల రీలు. ఇక్కడితో ఉత్తరం మడిచి పెట్టేసినా నీ పని జరిగిపోతుంది. కానీ ఎందుకు, ఏమిటి అని అడగనిదే నీకు నిద్ర పట్టదుగా, అందుకే మిగతాది.

63/37 అంటే నూటికి 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం. ఈ పాళ్ళలో కలిపితే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ఒక్కసారిగా బిగుసుకుంటుంది. మన కొట్లలో ఎక్కువగా ఉండేది 60/40. అది చెడ్డదేం కాదు. కాకపోతే 190 నుంచి 183కి దిగేలోపు కాసేపు జావలా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కాంపోనెంట్ కాలు కదిలిందంటే జాయింటు లోపల చిట్లిపోతుంది, పైన గరుకుగా మసకబారి కనిపిస్తుంది. కొత్త చేతికి 63/37 కాస్త ఊరట. చేయి తిరిగాక ఏదైనా ఒకటే.

చవగ్గా వస్తోందని పేరూ ఊరూ లేని రీలు మాత్రం తీసుకోకు. సీసం కంటే తగరం ఖరీదు చాలా ఎక్కువ. కాబట్టి ధర బాగా తగ్గిందంటే తగరం తగ్గిందనే అర్థం. 40 పాళ్ళే తగరం ఉన్న తీగ పూర్తిగా కరగాలంటే 238 డిగ్రీల దాకా వేడెక్కాలి. నీ 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ దానితో కుస్తీ పడుతూ ఉంటే ఈలోపు బోర్డు మీద కాలు అతికే రాగి ప్యాడ్ లేచి చేతికొస్తుంది. రీలు మీద పాళ్ళు రాసి ఉన్నాయో లేదో చూడు. లేకపోతే మర్యాదగా తిరిగి ఇచ్చెయ్.

ఇంతవరకూ చెప్పింది లోహం సంగతి. మన ప్రాంతంలో బోర్డు నిలవడమా పోవడమా తేల్చేది లోహం కాదు, దాంతోపాటు వాడే ఫ్లక్స్, అంటే సోల్డర్ పట్టేలా రాగిని శుభ్రం చేసే మందు. మీది సముద్రం గాలి తగిలే ఊరు. పైగా నువ్వు చేస్తున్నది మీ నాన్న రొయ్యల చెరువు మీద నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లకి టైమరు. రాత్రీ పగలూ ఉప్పునీటి తుంపర ఎగిరే చోట అది ఉండాలి. రేకులు అతికేవాళ్ళు వాడే పేస్టు ఉంటుందే, చిన్న డబ్బాలో వస్తుంది, అందులో చాలావాటిలో జింక్ క్లోరైడ్ ఉంటుంది. రాగిని భలే శుభ్రం చేస్తుంది, సోల్డర్ ఇట్టే పాకుతుంది, చూడ్డానికి ముచ్చటేస్తుంది. కానీ మిగిలిపోయిన మడ్డి గాల్లో తేమని పీల్చుకుని రాగిని తింటూనే ఉంటుంది. రిపేరుకి నా దగ్గరికొచ్చిన బోర్డుల్లో అలాంటివి తెరవగానే తెలిసిపోయేవి. జాయింటు చుట్టూ పచ్చటి చిలుము, దాని కింద రాగి గీత (ట్రాక్) వెంట్రుకంత సన్నబడి ఉండేది. మీటర్ పెడితే ఒకసారి కనెక్షన్ చూపిస్తుంది, వేలితో నొక్కితే పోతుంది. ఆ డబ్బా నీ టేబుల్ మీద ఉండనే ఉండకూడదు.

రోజిన్ అలా కాదు. పైన్ చెట్ల జిగురు నుంచి తీస్తారు. వేడిలో ఉన్నంతసేపే పని చేస్తుంది, చల్లారాక గాజుపెంకులా గట్టిపడి ఊరుకుంటుంది. రోజిన్ కోర్ తీగ మధ్యలో అది ముందే నింపి ఉంటుంది, విడిగా పేస్టుతో పని లేదు. మరి అందరూ పేస్టు ఎందుకు వాడతారంటావా? సోల్డర్‌ని బిట్ మీద, అంటే ఐరన్ మొన మీద, కరిగించుకుని జాయింటు దాకా మోసుకెళ్ళే అలవాటు వల్ల. ఆ దారిలోనే రోజిన్ పొగైపోతుంది, ఒట్టి లోహం మిగులుతుంది, అది రాగిని పట్టదు. అప్పుడు పేస్టు గుర్తొస్తుంది. నువ్వు బిట్‌ని ప్యాడ్‌కీ కాలికీ రెండిటికీ ఆనించి, క్షణం ఆగి, తీగని అవతలి వైపు నుంచి అందించు. రోజిన్ ముందు చిటచిటమని పారుతుంది, దాని వెనకే లోహం కాలి చుట్టూ పాకి అంచుల దగ్గర పల్చబడుతుంది. అప్పుడు ముందు తీగ తియ్యి, తర్వాత బిట్ తియ్యి. జాయింటు గుండ్రంగా పూసలా ఉబ్బి నిలబడిందంటే వేడి చాలలేదని లెక్క.

లావు 0.8 ఎందుకంటే కాళ్ళున్న కాంపోనెంట్లకి అది సరిపోతుంది. చిన్న ఎస్ఎండీలు, అంటే బోర్డుకి రంధ్రాలు లేకుండా పైనే అతికే కాంపోనెంట్లు, పెట్టే రోజొస్తే 0.5 కొనుక్కో. కొన్ని రీళ్ళ మీద ఎంఎం ఉండదు, గేజి ఉంటుంది. 22 గేజి అంటే సుమారు 0.7, పర్లేదు. 18 గేజి 1.2 దాటుతుంది, అది లావు వైర్లకి పనికొస్తుంది గానీ బోర్డు మీద వాడితే పక్క ప్యాడ్ కూడా కలిసిపోతుంది. 0.8 అయితే 100 గ్రాములకి ఇరవై మీటర్ల పైనే వస్తుంది. అరకిలో రీలు అంటగట్టబోతారు, వద్దను.

సీసం లేనిది కొనాలా అని నీకు అనుమానం రావచ్చు. యూరప్‌లో 2006 జూలై నుంచి అమ్మకానికి వచ్చే చాలా ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసాన్ని 0.1 శాతానికి కట్టడి చేశారు, మన ఈ-వేస్ట్ నిబంధనల్లోనూ అదే పరిమితి ఉంది. కంపెనీలకి అది తప్పదు. సీసం లేనివాటిలో ఎక్కువగా వాడేది తగరంలో 3 పాళ్ళు వెండి, అరపాలు రాగి కలిపిన రకం. 217 డిగ్రీలు దాటితే గానీ కరగడం మొదలుపెట్టదు, బాగా చేసిన జాయింటు కూడా మసకగానే ఉంటుంది. ఏది మంచి జాయింటో కంటికి ఇంకా అలవాటు పడని నీకు అదొక టెన్షన్. టెంపరేచర్ సెట్ చేసుకునే సోల్డరింగ్ స్టేషన్ కొన్నాక చూద్దాం.

సీసం అనగానే మీ అమ్మ కంగారు పడుతుంది. బిట్ వేడికి సీసం ఆవిరైపోయి ముక్కులోకి రాదు, ఆ కనిపించే పొగ రోజిన్‌ది. అలాగని పీల్చమని కాదు, దానికి ఆయాసం వచ్చేవాళ్ళున్నారు. కిటికీ తీసి, పొగని అవతలికి లాగేలా చిన్న ఫ్యాన్ పెట్టు. సీసం ఒంట్లోకి వెళ్ళేది చేతుల ద్వారా. చేగోడీలు నములుతూ సోల్డరింగ్ చెయ్యకు, తీగని పళ్ళతో పట్టుకోకు, లేవగానే సబ్బుతో చేతులు కడుక్కో. తమ్ముడికి రీలు అందనివ్వకు.

టైమర్ బోర్డు పూర్తయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత బ్రష్ పెట్టి రుద్ది, ఆరాక తేమ తగలకుండా రెండు వైపులా పీసీబీ లక్కర్ కొట్టు. కనెక్టర్లకి, రిలే సందుల్లోకి పోకుండా ముందు టేపు వెయ్యి. ఈలోపు చేయి కుదరడానికి నా దగ్గరున్న పాత రేడియో బోర్డులు మీ నాన్నతో పంపిస్తున్నాను. కాంపోనెంట్లు ఊడదీసి మళ్ళీ పెట్టడం వాటి మీద నేర్చుకో. చెరువు దగ్గర ప్యానెల్లో త్రీఫేజ్ ఉంటుంది, అందులో నువ్వు చెయ్యి పెట్టకు. బోర్డు బిగించడానికి నేనే వస్తాను.

ఇట్లు,
పెదనాన్న