18 మంది మాట జిల్లా మాట అవుతుందా?

ప్రశ్న: తిరుపతిలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పనికి వచ్చి మధ్యలో మానేసిన 18 మంది మహిళలతో మాట్లాడి ప్రాజెక్టు రాశాను. 'ఇంతమందితో జిల్లా అంతటికీ ఎలా చెబుతావు?' అని వైవాలో అడుగుతారని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పరిశోధనతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: జిల్లా అంతటికీ చెప్పలేరు. ఆ మాట వైవాలో మీరే ముందు చెప్పేయండి. నూటికి ఎంతమంది మానేస్తున్నారో తేల్చడం సర్వే పని. దానికి యాదృచ్ఛికంగా ఎంచుకున్న పెద్ద శాంపిల్ కావాలి.

మీరు పట్టుకోవాల్సింది కారణాన్ని. తోతాపురి లోడ్లు ఒక్కసారిగా వచ్చిన రోజు షిఫ్టు పొడిగిస్తారు, చీకటి పడ్డాక ఊరికి బస్సు ఉండదు, ఇంట్లో వద్దంటారు అని వాళ్లు చెప్పారనుకుందాం. కూలి చాలక మానేశారని బయటివాళ్లు అనుకునే దానికి ఇది పూర్తిగా వేరు. ఈ కారణానికి జిల్లా సరిహద్దు లేదు. బస్సు లేని ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చే ఏ ఫ్యాక్టరీలోనైనా ఇది నిలుస్తుందో లేదో చూడవచ్చు. కేస్ స్టడీ పద్ధతి మీద రాసిన రాబర్ట్ యిన్ దీన్నే విశ్లేషణాత్మక సాధారణీకరణ అన్నారు, అంటే అంకెను కాక కారణాన్ని వేరే చోట్లకు వర్తింపజేసి చూడటం. వైవాకు టైముంటే, యాజమాన్యమే వ్యాను పెట్టిన ఫ్యాక్టరీ ఒకటి వెతికి అక్కడ ముగ్గురితో మాట్లాడండి. అక్కడా మానేస్తుంటే మీ వివరణ మార్చుకోవాలి. ఇలాంటివాళ్లనే ఇంకో పదిమందిని కలపడం కన్నా ఈ ముగ్గురి మాట విలువైనది.

ఇలాంటి పరిశోధన పద్ధతుల మీద రాసిన ఇవోన్నా లింకన్, ఇగాన్ గుబా 1985లో ఇంకో సంగతి చెప్పారు. మీ ఫలితం తమ చోటికి సరిపోతుందా అన్నది చదివేవాళ్లు తేల్చుకుంటారు, అందుకు కావలసినంత వివరం ఇవ్వడం మీ బాధ్యత. ఏ నెలల్లో మాట్లాడారు, ఊరు ఎంత దూరం, కూలి రోజు లెక్కా కిలో లెక్కా, పనికి పిలిచేది ఎవరు, అన్నీ రాయండి. నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో ఈ భాగం ఒక పేజీ కూడా ఉండదు. చదివినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఆ వివరమంతా ఆ పిల్లల నోట్‌బుక్‌లోనే ఉంటుంది.

ఉద్యోగం సంగతి: స్వచ్ఛంద సంస్థల్లో పథకాల మూల్యాంకనానికి, కంపెనీల్లో యూజర్ రీసెర్చ్‌కి (వాడేవాళ్లతో మాట్లాడి వాళ్ల అవసరాలు తెలుసుకోవడానికి) ఈ నైపుణ్యం కావాలి. సర్వే లెక్కలు, ఎక్సెల్ కూడా నేర్చుకోండి, రెండూ తెలిసినవాళ్లకు అవకాశాలు ఎక్కువ. అధ్యాపక వృత్తి మీద మనసుంటే సోషల్ వర్క్‌లో యూజీసీ నెట్ రాయవచ్చు.

మీ ప్రాజెక్టు పేరులో 'చిత్తూరు జిల్లా మహిళా కార్మికులు' అని ఉంటే ఇవాళే మార్చండి. ఏ ఫ్యాక్టరీలో, ఏ సీజన్‌లో మాట్లాడారో అంతవరకే పెట్టండి.