నిప్పు ఒక్కడు పుట్టించింది కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఏడో పేజీకి వచ్చేసరికి కోపం వచ్చి పక్కన పడేశాను, మర్నాడు మళ్లీ తీశాను. లక్షేళ్ల కిందటి జ్వాలాపురం, మన నంద్యాల జిల్లాలోది. వాన కురిసే రాత్రి. గుంపంతా చలికి ముడుచుకుపోయి ఉంటే నీ కథానాయకుడు ఒక్కడే కూర్చుని, జుర్రేరు వాగు ఒడ్డున ఏరుకొచ్చిన రెండు రాళ్లు టకటకా కొడతాడు. రవ్వ ఎగురుతుంది, గడ్డి అంటుకుంటుంది, "ఆ రాత్రి మనిషి పుట్టాడు" అని పేరా ముగించావు. ఆ వాక్యం నీకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది. తీసెయ్యి.

ముందు రాళ్ల సంగతి. క్వార్ట్‌జైట్ గానీ చెర్ట్ గానీ, ఆ గట్టి రాళ్లవి రెండు ముక్కలు చీకట్లో కొడితే ఒక వెలుగు మెరుస్తుంది, కాలిన వాసన కూడా వస్తుంది. అది చూసే చాలామంది నిప్పు అనుకుంటారు. ఆ మెరుపు గడ్డిని కాదు గదా, దూదిని కూడా అంటించదు. మన తాతల చెకుముకి సంచిలో రాయి ఒక్కటే ఉండేది కాదు. ఉక్కు బిళ్ల, బూరుగుదూది కూడా ఉండేవి. రాతి అంచు ఉక్కును గీరితే సన్నటి ఇనుప రజను లేచి, గాలి తగిలి మండుతుంది. ఆ రవ్వ ఇనుముది, రాయిది కాదు. లక్షేళ్ల కిందట ఇనుము కరిగించినవాడు లేడు. ఇనుము లేని కాలంలో ఆ పని చేసింది పైరైట్, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం, చూడ్డానికి ఇత్తడిలా పచ్చగా ఉంటుంది. ఇంగ్లండులోని బార్నమ్‌లో 4 లక్షల ఏళ్ల నాటి పొయ్యి చోట ఎర్రగా కాలిన మట్టి, వేడికి పగిలిన చేతిగొడ్డళ్లు, వాటితో పాటు రెండు పైరైట్ ముక్కలు దొరికాయి. ఆ చుట్టుపక్కల పైరైట్ చాలా అరుదు. అంటే అది ఎందుకు పనికొస్తుందో తెలిసినవాళ్లే ఎక్కడినుంచో తెచ్చుకున్నారు.

నీ కథలో నిప్పు కావాలంటే కట్టెతో చేయించు. కింద బొటనవేలి మందాన ఎండిన మెత్తని కట్టె పలక. దాని అంచు దగ్గర చిన్న గుంట, గుంటలోంచి అంచు దాకా ఒక గాటు. పైన నిటారుగా నిలబెట్టిన పుల్ల. పుల్లను అరచేతుల మధ్య తిప్పుతూ కిందికి నొక్కాలి. చేతులు కిందికి జారిపోగానే, పుల్ల ఆగకుండా మళ్లీ పైనుంచి అందుకోవాలి. అరిగిన పొడి గాటులోకి రాలి కుప్ప అవుతుంది. పొడి లేత రంగులో, ముతకగా ఉంటే ఒత్తిడి చాలలేదని. పుల్ల కీచుమంటూ గుంట నున్నబడితే చిటికెడు ఇసుక వెయ్యాలి. గాటు మరీ సన్నమైతే పొడికి గాలి ఆడక నల్లగా మాడి ఊరుకుంటుంది. పొడి ముదురు గోధుమరంగుకు తిరిగి, చేతులు ఆపాక కూడా కుప్పలోంచి పొగ వస్తుంటే లోపల నిప్పు నిలిచినట్టు. అప్పుడు దాన్ని నలిపిన ఎండుపీచులోకి వంపి మెల్లగా ఊదాలి. తడి కట్టెతో ఇదంతా వృథా. వాన రాత్రి ఈ పని జరగాలంటే ఆ పలకనూ పుల్లనూ ఎండాకాలంలోనే ఎవరో ఏరి, ఎండబెట్టి, తడవకుండా దాచి ఉండాలి. ఆ "ఎవరో" నీ కథలో లేరు.

యజ్ఞశాలలో అరణి మథనం, అంటే కట్టెతో కట్టెను చిలికి నిప్పు పుట్టించడం, ఎక్కడైనా జరిగితే వెళ్లి చూడు. ఒకరు పైనుంచి అదిమి పట్టుకుంటారు, మరొకరు తాడు లాగుతారు, చేతులు అలసిపోతే ఇంకొకరు అందుకుంటారు. నీ నాయకుడి ఒంటరితనం అక్కడే పోతుంది.

ఇక కాలం. దక్షిణాఫ్రికాలోని వండర్‌వెర్క్ గుహలో నిప్పు వాడిన జాడ 10 లక్షల ఏళ్ల నాటిది. ఇజ్రాయెల్‌లో గెషెర్ బెనోత్ యాకోవ్ దగ్గర 7,80,000 ఏళ్ల నాటిది. వాడటం వేరు, పుట్టించడం వేరు. చాలాకాలం నిప్పును దొరికిన చోటినుంచి తెచ్చుకుని, బూడిద కప్పి, కట్టె వేసి కాపాడుకుని ఉంటారు. లక్షేళ్ల కిందటి పిల్లవాడు దాన్ని కొత్తగా కనిపెట్టడం ఎలా కుదురుతుంది?

మనిషి ఏ ఒక్క రాత్రీ పుట్టలేదు. టాంజానియాలోని లేటోలిలో అగ్నిపర్వత బూడిద మీద రెండు కాళ్ల నడక ముద్రలు 36 లక్షల ఏళ్ల నాటివి; అప్పటి మెదడు చింపాంజీ మెదడు కన్నా కాస్తే పెద్దది. కెన్యాలో లొమెక్వి రాతి పనిముట్లు 33 లక్షల ఏళ్ల నాటివి. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో 3 లక్షల ఏళ్ల నాటి పుర్రెకు ముఖం దాదాపు మనదే, తల వెనకభాగం మాత్రం ఇంకా పొడుగ్గా ఉంది. నడక ఒకప్పుడు, చెయ్యి ఒకప్పుడు, తల ఒకప్పుడు వచ్చాయి. "కోతి మనిషైంది" అని నాలుగో పేజీలో రాసిన మాట కూడా తీసెయ్యి. మనమూ చింపాంజీలూ 60, 70 లక్షల ఏళ్ల కిందటి ఒకే పూర్వీకుల నుంచి చీలినవాళ్లం.

నీ కథ నేను మళ్లీ తీయడానికి కారణం పదకొండో పేజీ. రాయి చెక్కే ముసలామె పక్కన కూర్చున్న చిన్నపిల్ల, కింద పడిన పెచ్చులు ఏరి, వాటిని మళ్లీ రాయికి అతికించి చూస్తుంది. ఏ పెచ్చు ఏ పెచ్చు తర్వాత రాలిందో అలా తెలుసుకుంటుంది. పురావస్తు పరిశోధకులు చేసే పని సరిగ్గా ఇదే. ఫ్రాన్స్‌లో ఎతియోల్ అనే చోట మంచుయుగం చివర్లో మనుషులు కూర్చుని రాయి చెక్కిన నేల అలాగే మిగిలింది. పెచ్చులన్నీ అతికించి చూస్తే పొయ్యి దగ్గర కూర్చున్నది చెయ్యి తిరిగినవాళ్లు, దూరంగా కూర్చున్నది నేర్చుకునేవాళ్లు అని తేలింది. నేర్చుకునేవాళ్ల రాళ్ల మీద తప్పులు అలాగే ఉన్నాయి. బడి అంటే అదే. అంత పెద్ద విషయాన్ని నువ్వు నాలుగు వాక్యాల్లో వదిలేసి, రవ్వ కోసం మూడు పేజీలు ఖర్చు పెట్టావు.

ఆ పిల్ల తప్పులు రాయి, దెబ్బ దెబ్బగా రాయి. ఒక చేతిలో చెక్కాల్సిన రాయి, రెండో చేతిలో పిడికెడు గుండ్రటి సుత్తిరాయి. రాతి అంచు కోణం 90 డిగ్రీల లోపే ఉండాలి, అంతకు మించితే పెచ్చు లేవదు. అంచుకు పావంగుళం లోపల కొట్టాలి. మరీ అంచున కొడితే నలిగి పొడి రాలుతుంది. మరీ లోపల కొడితే ఏమీ ఊడదు, దెబ్బంతా మణికట్టుకు తగులుతుంది. సరిగ్గా పడితే పెచ్చు కింది ముఖం నుంచి లేస్తుంది. దాని వెనక దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, అక్కణ్నుంచి అలలు పారినట్టు గీతలు ఉంటాయి. ఒక్కోసారి పెచ్చు సగంలో విరిగి రాతి మీద మెట్టు మిగులుతుంది. తర్వాతి పెచ్చు కూడా ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. కొత్తవాళ్లు అక్కడే మళ్లీ మళ్లీ బాదుతారు, రాయి పాడైపోతుంది. తెలిసినవాళ్లు రాయి తిప్పి అవతలి వైపునుంచి వస్తారు, కొట్టేముందు అంచును మరో రాయితో రుద్ది గట్టిపరుస్తారు. ఇది చూసినంత మాత్రాన రాదు. ముసలామె ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కోణం మార్చాలి.

రాయిని ముందే అన్నివైపులా దిద్ది, చివరికి ఒక్క దెబ్బతో అనుకున్న పెచ్చు తీసే పద్ధతి ఇంకా కష్టం. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో అది 3,85,000 ఏళ్ల కిందటే ఉంది. చివరి పెచ్చు ఇంకా కనబడకముందే దాని కోసం పది దెబ్బలు వేయాలి. అంత దూరం చూడటం ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే.

నేర్పేవాళ్లు పోతే ఏమవుతుందో తెలుసా? గ్రీన్‌లాండ్ వాయవ్య తీరంలో ఇనూయిట్ అనే మంచుసీమ జనం గుంపు ఒకదానిలో 1820ల ప్రాంతంలో అంటురోగం వచ్చి పెద్దవాళ్లు చాలామంది పోయారు. వాళ్లతో పాటు కయాక్ పడవ పోయింది, విల్లంబులు పోయాయి, చేపలు పొడిచే ఈటె పోయింది, మంచు ఇంటికి వెచ్చదనం నిలిపే పొడవాటి గుమ్మం దారి కూడా పోయింది. మిగిలినవాళ్లు తెలివి తక్కువ వాళ్లు కారు, సముద్రమూ జంతువులూ అక్కడే ఉన్నాయి. అయినా 1860లలో కెనడాలోని బాఫిన్ దీవి నుంచి వేరే ఇనూయిట్ వాళ్లు వచ్చి చూపించేదాకా అవి తిరిగి రాలేదు. ఒక్కడి బుర్రలోంచి అన్నీ పుట్టగలిగితే ఆ నలభై ఏళ్లలో ఎవడో ఒకడు పడవ కట్టి ఉండేవాడు.

ఇది పట్టుకుంటే నీ కథ నిలబడుతుంది. చివర్లో బూడిద వాన కురిపించావు, బాగుంది, కానీ సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలింది 74,000 ఏళ్ల కిందట. నీ కథ దానికి 26,000 ఏళ్ల ముందు జరుగుతోంది. కథను అక్కడికి జరుపు. జుర్రేరు లోయలో ఆ బూడిద కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మేట వేసి ఉంది. పాత్రలు తోమే పొళ్లలో కలపడానికి జనం దాన్ని తవ్వి తీసుకెళ్లారు కూడా. 2007లో పురావస్తు పరిశోధకులు మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ల బృందం ప్రకటించిన విషయం ఏమిటంటే, బూడిద పొర కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు దాదాపు ఒకే తీరువి. ఆ పనిముట్ల పక్కన వాటిని చేసినవాళ్ల ఎముకలు దొరకలేదు. అందుకే నీ మనుషుల నుదురూ దవడా వర్ణించకు, చేతులు వర్ణించు. పైపొరలోనూ అదే పనితనం ఉందంటే, ఆ బూడిద తర్వాత కూడా నేర్పేవాళ్లు ఎవరో మిగిలారు. ముసలామె మిగిలిందా? పిల్ల మిగిలిందా? ఇద్దరిలో ఒకరే మిగిలితే ఏ దెబ్బ దగ్గర చదువు ఆగిపోతుంది? నీ నాయకుడు లేకపోయినా నడిచే కథ ఇది.

ఆదిమానవుడి కథ అనగానే తోలు కట్టి ఈటె పట్టిన ఒంటరి వీరుడి బొమ్మ ముందే గీయించి పెట్టుకునే సంపాదకులున్నారు. "ఎలా చేశారో పాఠకుడికి అనవసరం, ఏం జరిగిందో చెప్పండి" అని పని వర్ణించిన పేరాలన్నీ కోసి, పులితో పోరు మాత్రం ఉంచుతారు. నా కథలకూ ఆ కత్తెర పడింది. పోటీల వాళ్లైతే పేజీలు లెక్కపెట్టి మరీ కోయమంటారు. వాళ్ల కోసం ఆ ముసలామెను కుదించకు. ఎలా చేశారన్నదే ఇక్కడ కథ.

తొమ్మిదో పేజీలో అందరూ మొక్కజొన్న కంకులు కాల్చుకు తిన్నారు. మొక్కజొన్న మెక్సికో పంట, పోర్చుగీసు ఓడలు తిరిగిన కాలం దాకా మన దేశంలో లేదు. తిండి రాయాలంటే విశాఖ మన్యంలో మామిడి టెంక అంబలి ఎలా కాస్తారో అడిగి తెలుసుకో. టెంక పగలగొట్టి లోపలి జీడి తీసి ఎండబెడతారు, దంచుతారు, వగరు పోయేదాకా పారే నీళ్లలో ఉంచుతారు, ఆ తర్వాతే అంబలి. బూజు పట్టిన జీడి తింటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ మెట్టు ఎందుకో కాచేవాళ్లందరూ చెప్పలేకపోవచ్చు, అయినా ఏ మెట్టూ దాటెయ్యరు. తరాల అనుభవం అలాగే చేతులు మారుతుంది.

పుస్తకం ఎవరు వేస్తారు, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు పదకొండో పేజీని ముప్పై పేజీలు చెయ్యి.

రాసేముందు నువ్వే రాయి చెక్కి చూడు. ఆరుబయట కూర్చో, రాతి రజను ఊపిరితిత్తులకు చేటు. కళ్లద్దాలు పెట్టుకో, తొడ మీద మందపాటి తోలు వేసుకో, పెచ్చు అంచు బ్లేడులా కోస్తుంది. జ్వాలాపురం వెళితే పొరలు చూసి రా, రాయి మాత్రం ఒక్కటీ తేవద్దు, అక్కడ చెక్కవద్దు. ఇంటి దగ్గర నువ్వు రాల్చిన పెచ్చులు ఎక్కడపడితే అక్కడ పారేస్తే రేపు తవ్వేవాళ్లు పాతవనుకుంటారు. అన్నీ ఒకచోట పోగేసి, ఈ ఏడాది ముద్ర ఉన్న రూపాయి బిళ్ల ఒకటి వేసి పాతిపెట్టు.

ఆశీస్సులతో.