కాలేజీ మారాక సొరోరిటీలో చేరాలంటే: పాఠకుల సందేహాలు, మా జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. రాసినవాళ్లు అమెరికాలో డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. కమ్యూనిటీ కాలేజీలోనో వేరే యూనివర్సిటీలోనో ఏడాదో రెండేళ్లో చదివి, ఆగస్టులో కొత్త క్యాంపస్‌కి మారుతున్నారు. అక్కడి సొరోరిటీలో చేరాలని పిల్లల కోరిక. సొరోరిటీ అంటే గ్రీకు అక్షరాల పేరుతో నడిచే విద్యార్థినుల సంఘం. సభ్యుల్ని తానే ఎంచుకుంటుంది, చందా తీసుకుంటుంది, చాలాచోట్ల సొంత ఇల్లు కూడా ఉంటుంది. చదువు పూర్తయినా సభ్యత్వం పోదు. వీటిలో పాతిక దాకా పెద్దవి 1902లో మొదలైన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద నడుస్తున్నాయి. కింది జవాబులు ఎక్కువగా వాటి గురించే.

ప్రశ్న: కమ్యూనిటీ కాలేజీలో ఏడాది చదివాను. ఇప్పుడు యూనివర్సిటీలో రెండో ఏడాదికి వెళ్తున్నాను. అందరూ ఫ్రెషర్లనే తీసుకుంటారంటున్నారు. నాకు అవకాశం ఉందా? ముందుగా ఏం చేసుకోవాలి? – ఒక విద్యార్థిని, ఆమదాలవలస

ఉంది. కాకపోతే ఫ్రెషర్‌ని చూసే లెక్క వేరు, మిమ్మల్ని చూసే లెక్క వేరు.

ప్రధాన రిక్రూట్‌మెంట్‌లో, అంటే అమ్మాయిలు రౌండ్ల వారీగా సొరోరిటీ ఇళ్లు తిరిగి పరిచయం చేసుకునే వారంలో, ఒక్కో చాప్టర్ (ఆ క్యాంపస్‌లోని సొరోరిటీ శాఖ) ఎంతమందిని తీసుకోవచ్చో పైనుంచి ఒక సంఖ్య వస్తుంది. దాన్నే కోటా అంటారు. ఫ్రెషర్‌ని తీసుకుంటే నాలుగేళ్లు చందా కడుతుంది, ఇంట్లో ఉంటుంది, పదవులు మోస్తుంది. రెండేళ్లలో వెళ్లిపోయే అమ్మాయికి అదే ఖాళీ ఇవ్వాలంటే చాప్టర్ కాస్త వెనకాడుతుంది. ఇందులో మీ మీద చిన్నచూపేమీ లేదు, అంతా చందా లెక్కే. అందుకని కొన్ని క్యాంపస్‌లు పైతరగతి విద్యార్థినులకు విడిగా కోటా పెట్టుకున్నాయి. అలాంటిచోట ఒక ఖాళీ కోసం మీరు ఫ్రెషర్లతో పోటీపడక్కర్లేదు. జూన్‌లోనే కొత్త యూనివర్సిటీ పాన్‌హెలెనిక్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి రెండు సంగతులు అడగండి. పైతరగతివారికి విడి కోటా ఉందా? ఎన్ని క్రెడిట్లు దాటితే పైతరగతిగా లెక్కిస్తారు? చాలా యూనివర్సిటీల్లో 30 క్రెడిట్లకు రెండో ఏడాది, 60కి మూడో ఏడాది. 28 క్రెడిట్లు మాత్రమే బదిలీ అయితే మీరు వయసుకి రెండో ఏడాది, కాగితం మీద మొదటి ఏడాది. అప్లికేషన్‌లో ఏది రాయాలో ఆఫీసునే అడిగి రాయండి. ఊహించి రాస్తే తర్వాత దిద్దించుకోవడం తలనొప్పి.

ఇంతకన్నా ఎక్కువమంది దెబ్బతినేది జీపీఏ దగ్గర. ఫ్రెషర్లకు హైస్కూలు మార్కులు చూస్తారు, మీకు కాలేజీ మార్కులు చూస్తారు. బదిలీ అయినప్పుడు మామూలుగా క్రెడిట్లు వస్తాయి గానీ గ్రేడ్లు రావు, కొత్త చోట జీపీఏ ఖాళీగా మొదలవుతుంది. అంటే పాత కాలేజీ ట్రాన్‌స్క్రిప్టే మీకు ఆధారం. ఒక చాప్టర్ కనీస జీపీఏ 2.8 అని పెట్టుకుంటే, 2.76 ఉన్న అమ్మాయి ఎంత నచ్చినా పిలుపు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మొదటి రోజే కొన్ని ఇళ్ల నుంచి పేరు ఎందుకు పోయిందో అర్థంకాక ఏడ్చే పిల్లల్లో చాలామంది సంగతి ఇదే, మాటతీరుకీ బట్టలకీ దానితో సంబంధం లేదు. చాప్టర్ల వారీగా కనీస జీపీఏని చాలా క్యాంపస్‌లు పైకే చెబుతాయి, ముందే చూసుకోండి. వేసవి కోర్సు ఏదైనా చేస్తుంటే దాని గ్రేడ్ పడ్డాక ట్రాన్‌స్క్రిప్ట్ మళ్లీ తెప్పించి పంపాలి. జూన్‌లో పంపిన పాత కాపీలో ఆ కోర్సు 'కొనసాగుతోంది' అనే ఉంటుంది.

ఇక తేదీలు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల పెద్ద యూనివర్సిటీల్లో రిక్రూట్‌మెంట్ ఆగస్టులో, క్లాసులు మొదలయ్యే ముందే జరిగిపోతుంది. కొన్ని యూనివర్సిటీల్లో జనవరిలో పెడతారు. రిజిస్ట్రేషన్ గడువు అంతకు ముందే ముగుస్తుంది, ఫీజు తిరిగి ఇవ్వరు. హాస్టల్లోకి మామూలు తేదీ కన్నా ముందు చేరాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. ఫ్రెషర్లకి ఈ కబురు ఓరియెంటేషన్‌లో అందుతుంది. ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల ఓరియెంటేషన్ తరచూ ఒక్కరోజుతో సరి, అందులో ఈ ఊసే రాకపోవచ్చు.

ప్రశ్న: మా పాప కమ్యూనిటీ కాలేజీలో ఫై థీటా కప్పా అనే దానిలో సభ్యురాలు. ఒక గ్రీకు సంఘంలో ఉంటే ఇంకోదానిలో చేర్చుకోరని విన్నాం. – ఒక తల్లి, బొబ్బిలి

అది సొరోరిటీ కాదు. 1918లో పుట్టిన ఆనర్ సొసైటీ, రెండేళ్ల కాలేజీల్లో మంచి మార్కులు వచ్చినవారికి ఇచ్చే గుర్తింపు. ఏ అడ్డూ లేదు, అప్లికేషన్‌లో ధైర్యంగా రాయమనండి. మీరు విన్న నియమం మాత్రం నిజమే. పాన్‌హెలెనిక్ సొరోరిటీ ఒకదానిలో ఇనిషియేషన్ (పూర్తి సభ్యత్వం ఇచ్చే వేడుక) జరిగిన అమ్మాయి అదే సమాఖ్యలోని వేరేదానిలో చేరకూడదు. కొత్త క్యాంపస్‌లో తన సొరోరిటీ చాప్టర్ ఉంటే, దాని నియమాల ప్రకారం అందులో కలవొచ్చు.

ప్రశ్న: ఖర్చు ఎంతవుతుంది? ఇప్పటికే అపార్ట్‌మెంట్‌కి అడ్వాన్స్ కట్టేశాం. – ఒక తండ్రి, నరసన్నపేట

క్యాంపస్‌ని బట్టి సెమిస్టర్‌కి కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది కాబట్టి ఒక అంకె చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. ఏమేం కలిసి ఆ మొత్తం అవుతుందో తెలుసుకుంటే మీరే లెక్క వేసుకోవచ్చు. మొదటి సెమిస్టర్‌లో చందాతో పాటు కొత్త సభ్యురాలి ఫీజు, ఇనిషియేషన్ ఫీజు, బ్యాడ్జి ధర పడతాయి కాబట్టి అదే బరువు. రెండో ఏడాది నుంచి కాస్త తగ్గుతుంది. ఇంట్లో ఉండని సభ్యుల నుంచి కూడా ఇంటి నిర్వహణ రుసుము, కొన్నిచోట్ల వారానికి కొన్ని భోజనాల డబ్బు తీసుకుంటారు. మీటింగ్‌కి రాకపోతే జరిమానా, టీ షర్టులు, ఫొటోలు, ఫంక్షన్ల టిక్కెట్లు వేరే. 'మొదటి ఏడాది మొత్తం ఎంత, ఏ నెలలో ఎంత' అని అడిగితేనే సరైన జవాబు వస్తుంది. 'చందా ఎంత' అని అడిగితే చందా ఒక్కటే చెబుతారు. మీ అమ్మాయిది ఎఫ్-1 వీసా అయితే సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ సంపాదనతో చందా గడుస్తుందని అనుకోవద్దు.

మీరు కట్టిన అడ్వాన్స్ సంగతి ముఖ్యమైనది. చాలా చాప్టర్లు ఒక ఏడాదైనా ఇంట్లో ఉండాలని నియమం పెడతాయి, అది తరచూ రెండో ఏడాదిలోనే వస్తుంది. ట్రాన్స్‌ఫర్ పిల్లలు సరిగ్గా ఆ ఏడాదికే బయట పన్నెండు నెలల లీజు సంతకం చేసి ఉంటారు. రెండు అద్దెలు మీద పడతాయి. లీజు ఉన్నవారికి మినహాయింపు ఇస్తారా, ఇస్తే అది రాతపూర్వకంగా ఉంటుందా అని బిడ్ (చేరమని చాప్టర్ ఇచ్చే ఆహ్వానం) ఒప్పుకోకముందే అడగాలి. 'చూద్దాంలే' అన్న నోటిమాటను లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండేళ్లు విజయనగరంలో చదివి, అక్కడికి బదిలీ అవుతున్నాను. పది పాయింట్ల సీజీపీఏని వాళ్లెలా చూస్తారు? – ఒక విద్యార్థిని, గజపతినగరం

యూనివర్సిటీ అడ్మిషన్ కోసం మీ మార్కుల్ని ఎలాగూ అక్కడి పద్ధతిలోకి మార్చి ఇచ్చే సంస్థతో మదింపు చేయించి ఉంటారు. కోర్సు వారీ మదింపు అయితే అందులో నాలుగు పాయింట్ల జీపీఏ ఉంటుంది. దాని కాపీనీ, ఇక్కడి యూనివర్సిటీ పరీక్షల విభాగం ఇచ్చిన ట్రాన్‌స్క్రిప్ట్‌నీ కలిపి పాన్‌హెలెనిక్ ఆఫీసుకి పంపండి. సెమిస్టర్ మార్కుల మెమోలు మాత్రం పంపితే అక్కడ ఎవరికీ తలాతోకా తెలియదు. మీ అంతట మీరు సీజీపీఏని గుణించి భాగించి అంకె వేయకండి. ట్రాన్‌స్క్రిప్ట్ చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు, ఊరు వదిలే ముందే రెండు మూడు సీల్డ్ కాపీలు అదనంగా తీసుకోండి.

పేరు సంగతి కూడా చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, ముందు 'ఎఫ్.ఎన్.యు.' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. రిక్రూట్‌మెంట్ అప్లికేషన్ యూనివర్సిటీ రికార్డుతో సరిపోవాలి, లేకపోతే జీపీఏ సరిచూసేటప్పుడు మీరు దొరకరు. పిలిచే పేరుకి వేరే గడి ఉంటుంది. అది నింపకపోతే ఆ వారమంతా ఛాతీ మీద ఎఫ్.ఎన్.యు. అన్న బిళ్లతో తిరగాలి.

ప్రశ్న: మొదటి రౌండ్ వీడియోలో ఉంటుందట. నేను ఆగస్టు మొదటి వారం దాకా ఇంట్లోనే ఉంటాను. – ఒక విద్యార్థిని, సోంపేట

టైము చూసుకోండి. అక్కడి సెంట్రల్ టైములో సాయంత్రం 6 అంటే వేసవిలో మనకి మర్నాడు తెల్లవారుజాము 4:30. న్యూయార్క్ టైమైతే 3:30. కరెంటు పోయినా నడిచేలా ఫోన్ డేటా, చార్జింగ్ సిద్ధంగా ఉంచుకోండి. ముందే రికార్డు చేసి పంపే వీడియో అయితే పగలు కిటికీకి ఎదురుగా కూర్చుని తీయండి, కిటికీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. నిమిషం చాలు. పేరు, ఏ కాలేజీ నుంచి వస్తున్నారు, ఇంకా ఎన్ని సెమిస్టర్లు ఉంటారు, ఖాళీ సమయంలో నిజంగా చేసే పని ఒకటి.

ప్రశ్న: లోపలికి వెళ్లాక ఏం మాట్లాడాలి? ఏం కట్టుకోవాలి? ఏమైనా తీసుకెళ్లాలా? – ఒక విద్యార్థిని, పలాస

జీడిపప్పు పెట్టె పట్టుకెళ్లాలని ఉందని ఉత్తరంలో రాశారు. వద్దు. రిక్రూట్‌మెంట్ జరిగేటప్పుడు కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం కూడదు, మీరు మంచిమనసుతో ఇచ్చినా తీసుకునేవాళ్లు ఇబ్బంది పడతారు. బిడ్ డే అయ్యాక పంచండి, పలాస పప్పుకి వంక పెట్టేవాళ్లుండరు.

ట్రాన్స్‌ఫర్ పిల్లల్ని ప్రతి ఇంట్లోనూ అడిగేది ఒకటే: ఎందుకు మారారు? జవాబు రెండు వాక్యాల్లో ఉండాలి, పాత కాలేజీని తిట్టకూడదు. 'అక్కడ మైక్రోబయాలజీ లేదు, ఇక్కడ ల్యాబ్ ఉంది' అంటే చాలు. వెంటనే 'ఇంకా ఆరు సెమిస్టర్లు ఇక్కడే ఉంటాను' అని మీరే చెప్పేయండి. వాళ్ల మనసులో ఉన్న లెక్క అదే, కానీ మొహమాటానికి అడగరు. ఈ ముక్క చెప్పడం మరిచిపోయిన పిల్లలే ఎక్కువ. మగపిల్లల సంగతి, మందు, మతం, రాజకీయం, డబ్బు – ఈ అయిదింటి జోలికి పోవద్దని అక్కడ అందరికీ చెబుతారు. ఊరి గురించి చెప్పమంటే దేశమంతా చెప్పబోకండి, ఒక్క సంగతి చెప్పండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి నూలు తీసే పొందూరు ఖద్దరు గురించి చెప్తే ఎదుటి అమ్మాయి మరో ప్రశ్న వేయకుండా ఉండదు. మీరూ అడగండి: వారానికి ఎన్ని గంటలు పడుతుంది, మీటింగ్ ఏ రోజు, పోయినేడు ట్రాన్స్‌ఫర్లు ఎవరైనా చేరారా, శాకాహారం దొరుకుతుందా, బీఫ్ తిననివారికి ఏం వండుతారు.

బట్టల మీద పడి సగం డబ్బు తగలెయ్యకండి. మొదటి రోజు చాలాచోట్ల వాళ్లే టీ షర్టు ఇస్తారు. మధ్య రౌండ్లకు మామూలు గౌను గానీ కుర్తీ గానీ సరిపోతుంది, ఆగస్టు ఉక్కపోతలో ఖద్దరు హాయి. చివరిదైన ప్రిఫరెన్స్ రౌండ్‌కి కాస్త వేడుకగా ఉండాలి, పట్టు చుడీదార్ బాగుంటుంది. చీరతో అలవాటు లేకపోతే ఆ మెట్లెక్కి దిగడం కష్టం. అరిగిన చెప్పులే వేసుకోండి. కొత్తవి మొదటి మధ్యాహ్నానికే మడమ కొరికేస్తాయి.

ప్రశ్న: ఇది ర్యాగింగ్ కాదా? – ఒక అమ్మమ్మ, చీపురుపల్లి

రిక్రూట్‌మెంట్ వారం ర్యాగింగ్ కాదు. భయపడాల్సిన చోటు ఏదైనా ఉందంటే, బిడ్ ఒప్పుకున్నాక ఇనిషియేషన్ దాకా ఉండే వారాల్లో. మనకి 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉన్నట్టే, అక్కడ చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన అమెరికా ఫెడరల్ ప్రభుత్వ చట్టం ప్రకారం, తప్పు చేసినట్టు తేలిన సంఘాల వివరాలతో యూనివర్సిటీలు నివేదిక బయటపెట్టాలి. మనవరాలి చేత ఆ నివేదిక చదివించండి, ఆ చాప్టర్ పేరు అందులో ఉంటే ఆ ఇంటి గడప తొక్కొద్దనండి.

ప్రశ్న: చివరి రోజు సంతకం చేయించుకునే కాగితం గురించి భయంగా ఉంది. ఏదీ రాకపోతే? – ఒక విద్యార్థిని, టెక్కలి

ప్రిఫరెన్స్ రౌండ్ అయ్యాక మీకు నచ్చిన వరుసలో చాప్టర్ల పేర్లు పెట్టి సంతకం చేస్తారు. అందులో మీరు రాసిన ఏ చాప్టర్ నుంచి బిడ్ వచ్చినా కట్టుబడాలి. కాదంటే ఆ క్యాంపస్‌లో మరుసటి ఏడాది ప్రధాన రిక్రూట్‌మెంట్ దాకా ఆ సమాఖ్యలో వేరే దేనిలోనూ చేరలేరు. కాబట్టి చచ్చినా చేరను అనుకున్నదాని పేరు రాయకండి. అలాగని ఒక్కటే పేరు రాసి కూర్చోవడం కూడా తెలివితక్కువే. ఆ ఒక్క చాప్టర్ జాబితాలో మీరు కింద ఉంటే చేతులు ఖాళీ. వచ్చిన ప్రతి పిలుపుకీ వెళ్లి, చివర్లో వెళ్లిన ఇళ్లన్నీ రాసినవారికి చోటు దొరికేలా కోటా మీద అదనంగా చేర్చుకునే వెసులుబాటు ఉంది. రెండో రోజే 'ఆ ఇల్లు నాకొద్దు' అని మానేసిన పిల్లలకు అది దక్కదు.

ఏదీ రాకపోతే, నిండని చాప్టర్లు సెమిస్టర్ మధ్యలో ఓపెన్ బిడ్డింగ్ కింద తీసుకుంటాయి. ఇందులో వారం రోజుల హడావుడి లేదు, కాఫీకి పిలిచి మాట్లాడతారు. జనవరిలో క్యాంపస్ మారేవారికి చాలాచోట్ల దారి ఇదే. మూడో ఏడాదిలో చేరేవారికి కూడా దీన్నే ముందు చూడమంటాం. వీటికి బయట, దక్షిణాసియా అమ్మాయిలు పెట్టుకున్న సొరోరిటీలున్నాయి: హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో, మూడూ 1998లోనే పుట్టాయి. సభ్యులు తక్కువ, చేరే పద్ధతి వేరు, సెమిస్టర్ మొదటి వారాల్లో పెట్టే పరిచయ సమావేశాలకు వెళ్లడంతో మొదలవుతుంది. అందుకే ఆగస్టులో బిడ్ రాకపోయినా సెప్టెంబరు మొదటి రెండు వారాల సాయంత్రాలు ఖాళీగా ఉంచుకోండి, ల్యాబ్ స్లాట్లు పగటికి తీసుకోండి.