ఎర్రమట్టి కనిపిస్తే అంచనా తప్పుతోందా?

వీధి చిత్రాలు చూసి అది ప్రపంచంలో ఏ చోటో ఊహించే ఆన్‌లైన్ ఆట జియోగెస్సర్‌లో, ఎర్రమట్టి రోడ్డు చూడగానే బ్రెజిల్ అని పెట్టేస్తున్నాను, తీరా అది దక్షిణాఫ్రికా అవుతోంది అని మీరు అన్నారు కదా. మట్టిని చివర్లో చూడండి. ఎర్రమట్టి ఆస్ట్రేలియాలోనూ, ఉగాండాలోనూ ఉంది.

ముందు ఆటలోని దిక్సూచి సాయంతో సూర్యుడు ఎటున్నాడో చూడండి. మధ్యాహ్నం ఉత్తరం వైపుంటే చాలావరకు దక్షిణార్ధగోళమే. భూమధ్యరేఖ దగ్గర మాత్రం ఈ గుర్తును నమ్మొద్దు.

తర్వాత రోడ్డు గీతలు. నాకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం ఇదే. బ్రెజిల్‌లో వాహనాలు కుడివైపు నడుస్తాయి, రెండువైపులా రాకపోకలుండే రోడ్డుకి మధ్యగీత పసుపు. దక్షిణాఫ్రికాలో ఎడమవైపు నడుస్తాయి, మధ్యగీత తెలుపు, అంచుగీత పసుపు. ఆస్ట్రేలియాలోనూ ఎడమవైపే, కానీ అక్కడ అంచుగీత సాధారణంగా తెలుపే. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ తికమక చాలావరకు తీరుతుంది.

గీతల్లేని మట్టిరోడ్డైతే బోర్డు దొరికేదాకా ముందుకెళ్లండి. సి (c) అక్షరం కింద చిన్న తోక, ఎ (a), ఓ (o)ల మీద అలలాంటి గీత కనిపిస్తే బ్రెజిల్‌లో వాడే పోర్చుగీసు భాష అనుకోవచ్చు.

టైమర్ టెన్షన్ పెడుతుంటే కొన్నాళ్లు టైమర్ లేకుండా ఆడండి. తప్పిన ప్రతి రౌండ్‌లోనూ ఆ చోటుకి తిరిగివెళ్లి ఏ గుర్తు వదిలేశారో వెతకండి. నాకు గీతలు అలాగే గుర్తుండిపోయాయి.